ఒక ప్రొజెక్టర్, ఒక ఫోన్: హైస్కూలు తరగతిలో టెక్నాలజీతో పాఠం నడపడం ఎలా

హైస్కూలు తరగతిలోకి టెక్నాలజీని తీసుకెళ్లడానికి గట్టి కారణాలు రెండే. ఒకటి, బోర్డు మీద సుద్దముక్కతో చూపించలేనిది చూపించాల్సి రావడం: కదిలేది, మారేది, కంటికి కనిపించనిది. రెండోది, నలభై మంది ఏమనుకుంటున్నారో పీరియడ్ అయ్యేలోపు టీచర్‌కి తెలియాల్సి రావడం. పుస్తకంలోని పేరాలనే స్లైడ్ల మీదికి ఎక్కించి చదివి వినిపించడం ఈ రెండింట్లో దేనికిందికీ రాదు. అలాంటి పాఠానికి పుస్తకమే నయం, కనీసం కరెంటు పోయినా ఆగదు. కంప్యూటర్ల మీద బాగా ఖర్చు పెట్టిన దేశాల్లో కూడా పీసా అనే అంతర్జాతీయ పరీక్షల ఫలితాలు చెప్పుకోదగ్గంత పెరగలేదని ఆ పరీక్షలు నడిపే ఓఈసీడీ అనే దేశాల కూటమి 2015లో ఇచ్చిన నివేదిక తేల్చింది. పరికరం వచ్చినంత మాత్రాన పాఠం మారదని దాన్ని బట్టే తెలుస్తోంది.

అందుకే ముందు పాఠం తీసి, పిల్లలు ఏటా ఎక్కడ తడబడతారో ఆ చోటు గుర్తుపెట్టుకోండి. ఒక పాఠంలో అలాంటివి ఒకటో రెండో ఉంటాయి. ప్రొజెక్టర్ అక్కడే వెలగాలి. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో తెర మీద బొమ్మ పదిహేను నిమిషాలకు మించి అక్కర్లేదు.

సామాను, ముందురోజు సాయంత్రం పని

ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టర్ లేదా పెద్ద టీవీ, చిన్న స్పీకరు, టీచర్ ఫోన్, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఇంతే. పిల్లలందరి చేతుల్లో ట్యాబ్లెట్లు ఉండాలనేం లేదు. ఇక్కడ చెప్పేవాటిలో చాలా భాగం అవి లేకుండానే నడుస్తాయి.

తరగతిలో పరువు తీసేవి పెద్ద లోపాలు కావు, చిన్నవే. పాఠం మొదలుపెట్టాక ఇంటర్నెట్ రాకపోవడం వాటిలో మొదటిది. కాబట్టి ఆ రోజుకి కావలసిన వీడియోలు, సిమ్యులేషన్లు (తెర మీదే ప్రయోగం చేసి చూసే ప్రోగ్రాములు), బొమ్మలన్నీ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్లో దింపి పెట్టుకోండి. పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేస్తే వాడే వరుసలోనే కనిపిస్తాయి. తర్వాత ల్యాప్‌టాప్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒక్కొక్కటే తెరిచి చూడండి. తెరుచుకోనిది ఏదైనా ఉంటే అది రేపు తరగతిలో కూడా తెరుచుకోదు.

రెండోది శబ్దం. వీజీఏ తీగ బొమ్మనే తీసుకెళ్తుంది, శబ్దాన్ని తీసుకెళ్లదు. హెచ్‌డీఎంఐ రెండూ తీసుకెళ్తుంది గానీ, తగిలించగానే ల్యాప్‌టాప్ తన శబ్దాన్ని ప్రొజెక్టర్ లోపలున్న బుల్లి స్పీకరుకు మళ్లిస్తుంది. మీ స్పీకరు మూగబోతుంది. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి, అవుట్‌పుట్‌ని మళ్లీ మీ స్పీకరుకు మార్చాలి. బొమ్మే రాకపోతే విండోస్ కీ, పి కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. స్క్రీన్ సేవర్, స్లీప్, నోటిఫికేషన్లు మూడూ ఆపేయండి. మీ ఇంటి సందేశాలు నలభై మంది చదవాల్సినవి కావు.

వెలుతురున్న గదిలో నల్లటి నేపథ్యం మీద తెల్లక్షరాలు పెట్టకండి. ప్రొజెక్టర్ నలుపును వెలిగించలేదు, గోడ మీద పడే పగటి వెలుగే అక్కడ బూడిదరంగులా కనిపిస్తుంది, అక్షరాలు అందులో కలిసిపోతాయి. తెల్లటి నేపథ్యం, నల్లటి అక్షరాలే మేలు. తెరకు దగ్గరగా ఉన్న లైట్లు మాత్రం ఆపితే చాలు. మొత్తం చీకటి చేస్తే నోట్సు రాసుకోలేరు, పైగా వెనక బెంచీల్లో వేరే పాఠం మొదలవుతుంది.

తెలుగు స్లైడ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. మన లిపిలో ఒత్తులు కిందికి, గుడులు పైకి వెళ్తాయి. ఇంగ్లిష్ స్లైడ్లకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు, పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. వరుసల ఎడం 1.3 నుంచి 1.5 వరకు పెట్టండి. అక్షరం 32 పాయింట్లకు తగ్గకూడదు, ఒక స్లైడుకు ఆరు వరుసలు దాటకూడదు. ఒకసారి చివరి బెంచీలో కూర్చుని ‘క్ష్మ’, ‘ర్త్య’ లాంటి అక్షరాలు విడిగా తెలుస్తున్నాయో లేదో చూసుకోండి. స్కూలు ల్యాప్‌టాప్‌లో మీ ఫాంట్ ఉండకపోవచ్చు, కాబట్టి కదలికలు లేని స్లైడ్లను పీడీఎఫ్‌గా దాచుకోండి. స్లైడ్ షో నడుస్తుండగా పవర్‌పాయింట్‌లో బి కీ నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే తిరిగి వస్తుంది. పిల్లల చూపు మీ మీదికి రావాలంటే అరవడం కన్నా అదే సులువు.

అందరి జవాబూ ఒకేసారి చూడడం

“అర్థమైందా?” అని అడిగితే వచ్చే “అయింది సార్” అనే కోరస్ వల్ల తెలిసేదేమీ లేదు. చెయ్యెత్తినవాళ్లను అడిగినా అంతే, తెలిసినవాళ్లే ఎత్తుతారు. అందరూ ఒకేసారి, పక్కవాడిని చూడకుండా జవాబు చూపించేలా చేయడం ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఫలితమిచ్చే పని. దీనికి ప్లికర్స్ అనే యాప్ సరిపోతుంది. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు, కాగితం కార్డులు చాలు.

కార్డు మీద క్యూఆర్ కోడ్‌ని పోలిన నల్లటి ఆకారం ఉంటుంది. ఒక్కో కార్డుది ఒక్కో ఆకారం, ఒక్కో నంబరు. నాలుగు పక్కలా ఎ, బి, సి, డి అని సన్నగా రాసి ఉంటుంది. తన జవాబు ఏ అక్షరమో ఆ పక్క పైకి వచ్చేలా కార్డు పట్టుకోవాలి. టీచర్ ఫోన్ కెమెరాను గదంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏది చూపించారో నమోదైపోతుంది. అక్షరాలు సన్నగా ఉండడం, ఆకారాలు వేర్వేరుగా ఉండడం వల్ల ముందువాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు.

ఇవి పనిచేయకపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఒకటే. నల్లటి భాగం మీద వేలు పడితే కెమెరా చదవలేదు, కాబట్టి అంచులే పట్టుకోవాలని మొదటిరోజే అలవాటు చేయండి. మెరిసే లామినేషన్ వేయిస్తే లైటు పడి తెల్లమచ్చ వస్తుంది. మందపాటి కాగితం మీద ప్రింటు తీసి వదిలేయడం మంచిది, లేదా మెరుపులేని లామినేషన్ వేయించాలి. కిటికీ పిల్లల వెనక ఉంటే ఆ వెలుతురుకు కార్డులు నీడలా కనిపిస్తాయి. మీరే కిటికీ వైపు వెళ్లి, వీపు దానికి పెట్టి నిలబడి స్కాన్ చేయండి. కార్డు నంబరు, హాజరు పట్టీ నంబరు ఒకటే అయ్యేలా చూసుకుంటే ఏడాదంతా గందరగోళం ఉండదు.

యాప్ లేకపోయినా పని ఆగదు. కాగితాన్ని నాలుగుగా మడిచి ఒక్కో మడత మీద ఒక్కో అక్షరం రాయించండి. మూడు లెక్కపెట్టగానే అందరూ కాగితాన్ని ఛాతీకి ఆనించి చూపించాలి. నమోదు ఉండదన్న మాటే గానీ, తరగతి ఎటు ఉందో కంటికి కనిపిస్తుంది.

ప్రశ్న రాయడంలోనే అసలు పనితనం ఉంది. తప్పు జవాబుల్లో ప్రతిదాని వెనకా పిల్లలు నిజంగా చేసే పొరపాటు ఉండాలి. ఉదాహరణకు ఇది చూడండి: “చిన్న విత్తనం పెద్ద చెట్టయింది. ఆ చెట్టును నరికి ఎండబెట్టిన కలప బరువులో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వచ్చింది? ఎ) నేలలోని పోషకాలు బి) వేర్లు పీల్చిన నీరు సి) గాలిలోని కార్బన్ డయాక్సైడ్ డి) సూర్యరశ్మి.” కిరణజన్య సంయోగక్రియ సమీకరణం తప్పులేకుండా రాసేవాళ్లు కూడా ఇక్కడ ఎ వైపు మొగ్గుతారు. సమీకరణంలో ఎడమవైపున్న వాయువే చెట్టు కాండం అవుతుందన్న సంగతి వాళ్లు ఊహించి ఉండరు. సరైన జవాబు సి. డి ఎంచుకున్నవాళ్లు శక్తికీ పదార్థానికీ తేడా తెలుసుకోవాలి, ఎ ఎంచుకున్నవాళ్లకు చెప్పాల్సింది వేరు. ఎవరికి ఏది చెప్పాలో జవాబే చూపిస్తోంది.

జవాబులు వచ్చాక ఏం చేయాలి? హార్వర్డ్‌లో భౌతిక శాస్త్ర ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల నుంచి నడిపిన పద్ధతిలో దీనికో లెక్క ఉంది. సరైన జవాబు 30 శాతం కన్నా తక్కువమంది చెబితే ఆ భావన మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. 70 శాతం దాటితే ఒక వాక్యంలో కారణం చెప్పి ముందుకు పోవాలి. మధ్యలో ఉంటే మీరు నోరు మెదపకూడదు. జవాబు బయటపెట్టకుండా “మీకన్నా వేరే జవాబు చెప్పినవాళ్లను వెతుక్కుని రెండు నిమిషాలు వాదించండి” అని వదిలేసి, మళ్లీ కార్డులు ఎత్తించాలి. మొదటి విడత ఫలితాల గ్రాఫు తెర మీద కనిపించిందంటే వాదన అక్కడితో చచ్చిపోతుంది. ఎత్తుగా ఉన్న పట్టీ వైపే అందరూ దూకుతారు. కాబట్టి ఆ గ్రాఫు మీ ఫోన్లోనే ఉండాలి.

పీరియడ్‌కు ఇలాంటి ప్రశ్నలు రెండు చాలు. అయిదు పెడితే అది క్విజ్ అవుతుంది, ఆలోచనకు సమయం ఉండదు.

సిమ్యులేషన్: ముందు ఊహ, తర్వాతే మౌస్

అమెరికాలోని కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయంలో నోబెల్ భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు సైన్సు, లెక్కల టీచర్లకు ఉచితంగా దొరుకుతాయి. కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్5 రకం వాటిని ఫైలుగా దింపుకుంటే ఇంటర్నెట్ లేకుండా బ్రౌజర్లోనే తెరుచుకుంటాయి. పాత జావా రకం అలా తెరుచుకోవు, వాటి జోలికి పోకండి.

వీటిని వాడడంలో అందరూ చేసే తప్పు, తెరవగానే బొమ్మ కదిలించి “చూశారా!” అనడం. పిల్లలు చూస్తారు, బాగుందంటారు, వాళ్ల పాత అభిప్రాయం చెక్కుచెదరదు. చూసేముందు ఏదో ఒక ఊహకు కట్టుబడి ఉంటేనే, అది తప్పినప్పుడు ఆలోచన మొదలవుతుంది.

విద్యుత్ పాఠం తీసుకుందాం. బల్బు కరెంటును ‘తినేస్తుంది’, కాబట్టి బల్బు దాటాక కరెంటు తగ్గుతుంది అని చాలామంది నమ్ముతారు. ఫెట్‌లో డీసీ సర్క్యూట్ నిర్మించే సిమ్యులేషన్ తెరిచి 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓముల బల్బులు రెండు శ్రేణిలో కలపండి. స్విచ్ మాత్రం తెరిచే ఉంచండి. బ్యాటరీ తర్వాత ఒక చోటు, రెండు బల్బుల మధ్య ఒక చోటు, రెండో బల్బు దాటాక ఒక చోటు చూపించి, మూడు చోట్లా అమ్మీటర్ ఎంత చూపిస్తుందో అడగండి. వరుసగా తగ్గుతుందా, మూడు చోట్లా ఒకటేనా, చివర సున్నా అవుతుందా? కార్డులు ఎత్తించండి. ప్రతి ఒక్కరూ తమ కారణాన్ని నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయాలి. అప్పుడు స్విచ్ మూయండి. మూడు చోట్లా 0.45 ఆంపియర్లే.

ఇక్కడితో ఆగితే సగం పనే అయింది. “మూడో బల్బు కూడా అదే వరుసలో కలిపితే?” అని అడిగి, అంకె రాయించి, ఆ తర్వాత కలపండి. 0.30 వస్తుంది. ‘కరెంటు అన్నిచోట్లా ఒకటే’ అని విన్నవాళ్లలో కొందరు ‘ఎన్ని బల్బులు కలిపినా అంతే’ అని పొరపడి మళ్లీ 0.45 అని రాస్తారు. ఆ అపార్థం బయటపడేది ఈ రెండో ప్రశ్నతోనే. ఒక విడతలో ఒక్క అంశమే మార్చండి. బల్బూ బ్యాటరీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో ఎవరికీ తెలియదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. సిమ్యులేషన్లో ఎలక్ట్రాన్లు కదులుతున్నట్టు పెడితే అవి పుస్తకంలోని బాణాలకు ఎదురు దిశలో వెళ్తాయి. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. సెట్టింగును సంప్రదాయ విద్యుత్ ప్రవాహానికి మార్చి మొదలుపెట్టండి. ఎలక్ట్రాన్ల దిశ గురించి పాఠం వచ్చినప్పుడు మళ్లీ మార్చి చూపించవచ్చు. నిజమైన తీగలు, బల్బులు ల్యాబులో ఉంటే ఆ తర్వాత వాటితోనూ చేయించండి. బ్యాటరీ లోపలి నిరోధం, వదులు కనెక్షన్ల వల్ల లెక్క కాస్త తేడాగా వస్తుంది, సిమ్యులేషన్లో ఆ తేడా ఎందుకు లేదన్నది మంచి ప్రశ్న.

లెక్కల్లో గ్రాఫులు, ఆకారాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ జియోజీబ్రాదీ ఇదే పద్ధతి. వర్గ సమీకరణం వై = ఎ ఎక్స్² + బి ఎక్స్ + సి అని ఇన్‌పుట్‌లో ఇస్తే ఎ, బి, సి లకు స్లైడర్లు వస్తాయి. గుణకానికీ ఎక్స్‌కీ మధ్య ఖాళీ గానీ గుణకారం గుర్తు గానీ ఇవ్వండి, లేదంటే రెండూ కలిపి ఒకే చరరాశి పేరని అది అనుకోవచ్చు. ఎ మారిస్తే పరావలయం సన్నబడుతుంది లేదా వెడల్పవుతుంది, సి మారిస్తే పైకీ కిందికీ జరుగుతుంది, వీటిని పిల్లలు తేలిగ్గానే ఊహిస్తారు. బి దగ్గరే సరదా. ఎ ని 1, సి ని 0 చేసి, “బి మారుస్తుంటే శీర్షం ఏ దారిలో పోతుంది?” అని అడగండి. పక్కకు జరుగుతుందనేది మామూలుగా వచ్చే జవాబు. శీర్షం నిరూపకాలతో ఒక బిందువు పెట్టి, దానికి ట్రేస్ (కదిలిన దారిని తెర మీద వదిలే సదుపాయం) ఆన్ చేసి స్లైడర్ జరిపితే, తలకిందులైన ఇంకో పరావలయం గీసుకుంటూ పోతుంది. అది వై = −ఎక్స్². ఎందుకలా అని పెన్నుతో నిరూపించమనండి, స్లైడర్ పని అయిపోయింది.

జూమ్ చేస్తున్నప్పుడు ఒక అక్షాన్ని మాత్రమే లాగితే రెండు అక్షాల కొలమానాలు వేరవుతాయి. వృత్తం కోడిగుడ్డులా, లంబంగా ఖండించుకునే వాలు రేఖలు లంబంగా లేనట్టు కనిపిస్తాయి. తెర మీద కుడి క్లిక్ చేసి అక్షాల నిష్పత్తిని 1:1కి తెచ్చాకే జ్యామితి మొదలుపెట్టండి.

రెండు ఫోన్లతో ధ్వని వేగం

జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఫోన్‌లోని మైకు, త్వరణ సెన్సరు, పీడన సెన్సరు లాంటివాటిని ప్రయోగ పరికరాలుగా మారుస్తుంది. అందులో శబ్దంతో మొదలై శబ్దంతోనే ఆగే స్టాప్‌వాచ్ ఉంది, పేరు అకౌస్టిక్ స్టాప్‌వాచ్. హైస్కూలు స్థాయిలో దీనికి మించిన ప్రయోగం అరుదు.

రెండు ఫోన్లను సరిగ్గా 5 మీటర్ల దూరంలో బల్లల మీద పెట్టండి, దూరం టేపుతో కొలవండి. రెండింట్లోనూ స్టాప్‌వాచ్ తెరిచి ‘థ్రెషోల్డ్’ సరిచేయండి: మామూలుగా మాట్లాడితే మొదలవకూడదు, అయిదు మీటర్ల అవతల చప్పట్లు కొడితే మొదలవాలి. ‘మినిమమ్ డిలే’ 0.1 సెకను ఉంచండి. లేకపోతే మొదటి చప్పుడు గోడకు తగిలి వచ్చిన ప్రతిధ్వనికే గడియారం ఆగిపోతుంది.

ఒకటో ఫోన్ దగ్గర ఒకరు, రెండో ఫోన్ దగ్గర ఒకరు నిలబడాలి. మొదటివారు ఒక చప్పట కొడతారు. ఒకటో ఫోన్ వెంటనే మొదలవుతుంది, రెండోది శబ్దం 5 మీటర్లు ప్రయాణించాక మొదలవుతుంది. రెండు సెకన్లు ఆగి రెండోవారు కొడతారు. ఇప్పుడు రెండో ఫోన్ వెంటనే ఆగుతుంది, ఒకటోది ఆలస్యంగా ఆగుతుంది. అంటే ఒకటో ఫోన్ రెండు రకాలుగా ఎక్కువ సమయం లెక్కపెట్టింది. రెండు సమయాల తేడా, శబ్దం రానూపోనూ 10 మీటర్లు వెళ్లడానికి పట్టిన కాలం. ఉదాహరణకు ఒకటి 2.031, రెండోది 2.002 సెకన్లు చూపిస్తే తేడా 0.029. 10ని 0.029తో భాగిస్తే సెకనుకు సుమారు 345 మీటర్లు. రెండు గడియారాలు ఒకే సమయానికి కలిపి ఉండాల్సిన అవసరమే లేకపోవడం ఇందులో చక్కని విషయం. అది ఎందుకో పిల్లలతోనే చెప్పించండి.

చప్పట కొట్టేవాళ్లు ఎక్కడ నిలబడ్డారన్నది చాలా ముఖ్యం. రెండు ఫోన్లనూ కలిపే గీతను రెండు వైపులా పొడిగించినట్టు ఊహించి, ఫోన్‌కు అవతలి వైపు, ఆ గీత మీదే నిలబడాలి. అలా అయితే ఫోన్‌కు అర మీటరు వెనక కొట్టినా తేడా మారదు, ఎందుకంటే ఆ అర మీటరు రెండు ఫోన్లకూ సమానమే. ఫోన్ల మధ్య నిలబడి కొడితే మాత్రం దారి తేడా తగ్గిపోతుంది, వేగం ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. సెకనుకు 400 దాటి వచ్చిందంటే ముందు కాళ్లు ఎక్కడున్నాయో చూడండి.

అయిదుసార్లు చేయించి సగటు తీయించండి. తేడాలో ఒక్క మిల్లీసెకను పొరపాటు పడితే వేగంలో సుమారు 12 మీటర్లు తప్పు వస్తుంది. దూరం 10 మీటర్లు చేస్తే అదే పొరపాటు 6 మీటర్లకు తగ్గుతుంది. దోషం అంటే ఏమిటో, దాన్ని తగ్గించే దారేమిటో అంకెల్లో చూపించడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. గది ఉష్ణోగ్రత కూడా రాయించండి. 331కి, సెల్సియస్ డిగ్రీలను 0.6తో గుణించి కలిపితే రావాల్సిన వేగం తెలుస్తుంది. 30 డిగ్రీలకు 349. ఫోన్‌కు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కలిపి ఉంటే వాటి మైకు పనిచేసి లెక్క చెడవచ్చు, ముందే ఆపేయండి.

ప్రయోగాల అంకెలు స్ప్రెడ్‌షీట్లో వేయించేటప్పుడు ఒక్క తప్పు అన్ని తరగతుల్లోనూ కనిపిస్తుంది. గ్రాఫుకు ‘లైన్ చార్టు’ ఎంచుకుంటారు. లఘులోలకం పొడవులు 20, 30, 50, 100 సెంటీమీటర్లు అనుకోండి. లైన్ చార్టు వాటిని అంకెలుగా చూడదు, నాలుగు పేర్లుగా భావించి సమాన దూరంలో పేరుస్తుంది. సరళరేఖ రావాల్సిన చోట వంకర వస్తుంది. ‘స్కాటర్ చార్టు’ ఎంచుకోవాలి. ఆవర్తన కాలం వర్గాన్ని మీటర్లలో పొడవుకు ఎదురుగా గీసి ట్రెండ్‌లైన్ పెడితే వాలు 4 దగ్గర వస్తుంది, 39.5ని ఆ వాలుతో భాగిస్తే గురుత్వ త్వరణం.

పిల్లల నోట్‌బుక్ తెర మీదికి

యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌ను వంగే స్టాండుకు బిగించి, బల్లకు 30–40 సెంటీమీటర్ల ఎత్తున కిందికి చూసేలా పెట్టండి. ఎవరి నోట్‌బుక్ అయినా పది సెకన్లలో తెర మీదికి వస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్ అయితే ఆప్షనల్ ఫీచర్లలో వైర్‌లెస్ డిస్‌ప్లే కలుపుకుని చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల తెరనే అందులోకి పంపవచ్చు, పంపడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. లైటు పక్క నుంచి రావాలి, నెత్తి మీద నుంచి వస్తే చేతి నీడ పడుతుంది. అక్షరాలు అద్దంలోలా తిరగబడితే కెమెరా యాప్‌లో ‘మిర్రర్’ ఆపండి. ఫోన్ అయితే తెర తిరగకుండా రొటేషన్ లాక్ వేయండి.

తప్పులేని జవాబు కన్నా, సగం దాకా సరిగ్గా వచ్చి ఒక్క మెట్టు దగ్గర జారిన జవాబే తెర మీద బాగా పనికొస్తుంది. పేరు కనబడకుండా కాగితం కప్పి, అడిగి తీసుకుని పెట్టండి. “ఇందులో ఎక్కడిదాకా బాగుంది?” అనే అడగాలి. “తప్పెక్కడ?” అని మొదలుపెడితే రేపటి నుంచి ఎవరూ నోట్‌బుక్ ఇవ్వరు.

ఇంటర్నెట్ లేని చోట లోకల్ సర్వర్

కంప్యూటర్ ల్యాబ్ ఉండి నెట్ సరిగా లేని బళ్లకు, ఒక కంప్యూటర్లో దాచిన పాఠాలను మిగతావాటికి అందించే కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాత ల్యాప్‌టాప్‌లో వేసి, ఒక్కసారి నెట్ ఉన్నచోట కావలసిన అధ్యాయాలు మాత్రం దింపుకోండి. మొత్తం చానల్ (ఒక సంస్థ పాఠాల సముదాయం) దింపబోతే డిస్కు నిండిపోతుంది. తర్వాత వైఫై రూటరు పెడితే చాలు, మిగతా కంప్యూటర్లు బ్రౌజర్లో ఆ ల్యాప్‌టాప్ చిరునామా, చివర 8080 అనే పోర్టు నంబరు కొట్టి అందులోకి వస్తాయి. వికీపీడియా కావాలంటే దాన్ని నెట్ లేకుండా చదివించే కివిక్స్ ఉంది, తెలుగు వికీపీడియా కూడా అందులో దొరుకుతుంది.

రాకపోతే ఈ వరుసలో వెతకండి. బ్రౌజర్ చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ తగిలించుకుందేమో, అక్కడ హెచ్‌టీటీపీ ఉండాలి. విండోస్ ఆ వైఫైని ‘పబ్లిక్’గా గుర్తించి ఫైర్‌వాల్ అడ్డుపెట్టిందేమో, ‘ప్రైవేట్’కు మార్చండి. పిల్లలు రూటరులోని ‘గెస్ట్’ నెట్‌వర్కులో ఉన్నారేమో, అందులో ఒక పరికరానికి మరొకటి కనిపించదు. ఫోన్లయితే, వైఫైలో ఇంటర్నెట్ లేదని గ్రహించి చడీచప్పుడూ లేకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి, డేటా ఆపించండి. నిన్న పనిచేసిన చిరునామా ఇవాళ పనిచేయకపోతే రూటరు కొత్త నంబరు ఇచ్చిందన్న మాట. సెట్టింగుల్లో ఆ ల్యాప్‌టాప్‌కు చిరునామా స్థిరంగా కేటాయించండి.

ఇంటిపని ఫారాలు, ఏఐ

గూగుల్ ఫామ్స్‌లో పరీక్ష పెట్టేవాళ్లు ‘ఒక్క జవాబుకే పరిమితం’ అనేది ఆన్ చేస్తే అకౌంటు లేని పిల్లలు లోపలికే రాలేరు. అమ్మానాన్నల ఫోన్ పంచుకునే అన్నదమ్ముల్లో ఒక్కరే రాయగలరు. దాన్ని ఆపి, హాజరు నంబరు అడగండి. తెలుగులో టైపు చేయించే ఒక్కమాట జవాబులను యంత్రంతో దిద్దించకండి. ‘మూలకం’, ‘మూలకము’ దానికి రెండు వేర్వేరు మాటలు. ఎంపిక ప్రశ్నలైనా పెట్టండి, లేదా ప్రమాణాన్ని ప్రశ్నలోనే రాసేసి అంకె మాత్రమే అడగండి. పాత ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో ఉంటే ఫారంలో అతికించినప్పుడు గజిబిజి గుర్తులొస్తాయి, ముందు యూనికోడ్‌కు మార్చుకుని ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి.

ఇంటికి వీడియో పంపితే ఆరు నిమిషాలు దాటనివ్వకండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక వీడియోల మీద 2014లో వచ్చిన పరిశోధనలో, వీడియో ఎంత పొడవున్నా చూసిన సమయం మధ్యస్థంగా ఆరు నిమిషాలు దాటలేదు. వాళ్లు తమంతట తాము చేరిన పెద్దవాళ్లు, మన పిల్లల ఓపిక అంతకు మించి ఉంటుందని అనుకోనక్కర్లేదు. వీడియోతో పాటు, చూస్తేనే రాయగలిగే ప్రశ్న ఒకటి పంపండి.

ఏఐ చాట్‌బాట్లు టీచర్‌కి ప్రశ్నల ముసాయిదా రాసిపెట్టడంలో బాగా పనికొస్తాయి. “పది ప్రశ్నలివ్వు” అంటే పనికిమాలినవి వస్తాయి. భావన పేరు, తరగతి, పిల్లలు చేసే మూడు పొరపాట్లు మీరే చెప్పి, ఒక్కో తప్పు జవాబు వెనక ఏ పొరపాటుందో పక్కనే రాయమనండి. వచ్చినవాటిలో మూడు చూసుకోవాలి: రెండు జవాబులు సరైనవి కావడం, సరైన జవాబే మిగతావాటికన్నా పొడవుగా ఉండడం, మన పాఠ్యపుస్తకంలో లేని పారిభాషిక పదాలు. ప్రతి లెక్కనూ మీరు చేసి చూశాకే బోర్డెక్కించండి. పిల్లల పేర్లు, మార్కులు అందులో పెట్టకండి. తరగతిలో ఇలాంటి సాధనాలు వాడే పిల్లలకు కనీస వయసు 13 ఉండాలని యునెస్కో 2023 మార్గదర్శకాలు సూచించాయి.

ఇంట్లో రాసుకొచ్చిన వ్యాసం వాళ్లే రాశారా అన్న అనుమానం వస్తే, ఏఐ రాతను పట్టిస్తామనే సాధనాల మాట మీద మార్కులు కోయకండి. ఓపెన్‌ఏఐ తన సొంత గుర్తింపు సాధనాన్నే కచ్చితత్వం తక్కువని 2023 జులైలో తీసేసింది. వ్యాసంలోంచి ఒక వాక్యం చదివి, “దీన్ని ఇంకో ఉదాహరణతో చెప్పు” అని అడగండి. ఆ మాట సొంతమో కాదో రెండు నిమిషాల్లో మీకూ తెలుస్తుంది, వాళ్లకూ తెలుస్తుంది. తరగతి పెద్దదైతే రోజుకు నలుగురి చొప్పున అడిగినా నలభై మంది పది పనిదినాల్లో అయిపోతారు.